గడప దాటిన పాలు

రెండు వేల ఎనభై తొమ్మిది, అక్టోబరు పదకొండు, మంగళవారం. ఆ తేదీ పానకాలుకు బాగా గుర్తు. భార్య నీలవేణి పోయిన తరువాత అతనికి అన్నం రుచి తెలిసిన మొదటి రోజు అది. దోసకాయ పప్పు, ఎండురొయ్యల వేపుడు, ఎదురింటి దీనమ్మ పంపిన గోంగూర పచ్చడి. నంజుకోవడానికి తల్లి ఒక ఉల్లిపాయ చితక్కొట్టి పెట్టింది. తిని చేయి కడుక్కుంటూ, ఇంత తిన్నానేమిటని సిగ్గుపడ్డాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అతను రోజూలాగే గుమ్మంలో నిలబడి, ఆ రోజు ఇంట్లోకి వచ్చినవాటి ఒప్పుదల చెప్పాడు.

“గోంగూర పచ్చడి, చిన్న గిన్నెడు. ఎదురింటి ఏసోబు వాళ్ల నుంచి.”

గడపలో పొదిగిన బూడిదరంగు పలక మీద వెలుగు ఒకసారి ఊగింది. “నమోదయింది. ఇంకా?” అంది గడపకన్ను. దానిది ఆడగొంతు కాదు, మగగొంతూ కాదు. బస్సులో పక్క సీటు ఖాళీయేనా అని అడిగే మనిషి గొంతులా మర్యాదగా ఉంటుంది.

“అంతే,” అన్నాడు పానకాలు.

లోపలి గదిలో అతని తల్లి అంకమ్మ ఒళ్లో పసివాడు పొట్ట నిండి, నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆ పొట్టలో ఉన్నవి దీనమ్మ పాలు. పానకాలు గడపకన్నుకు చెప్పిన మొదటి అబద్ధం అదే.

చీరాల అప్పటికి పాత చీరాల కాదు. సముద్రం రైలు కట్ట దాకా వచ్చి ఆగింది. ఊరు కట్టకు పడమరగా జరిగి, సిమెంటు స్తంభాల మీద నిలబెట్టిన వరుస ఇళ్లుగా మిగిలింది. మునిగిపోయిన పొలాల్లో ఇప్పుడు నాచు పండుతుంది. పానకాలు, దీనమ్మ మొగుడు ఏసోబు ఒకే పడవ మీద ఆ నాచు కోస్తారు. కూలి చేతికి రాదు, శ్రమపద్దులో పడుతుంది.

ఆ పద్దుల కాలం మొదలైన కొత్తలో జనం ఒక ఉపాయం కనిపెట్టారు. పద్దులో పడినదాని మీదనే కదా పన్ను, పడకుండా చూసుకుంటే సరి. వైద్యుడికి చేపలిచ్చారు, మాస్టారికి బియ్యమిచ్చారు, తాపీమేస్త్రికి బట్టలు కుట్టిపెట్టారు. ఎవరి రాబడీ ఎక్కడా కనబడలేదు. వంతెనలు కూలితే కట్టే దిక్కు లేకపోయింది. అప్పుడు వచ్చింది గడప చట్టం. పరుల చేతి నుంచి గడప దాటి ఇంట్లోకి వచ్చినదేదయినా రాబడే. ప్రతి ఇంటి గడపలోనూ ఒక కన్ను. అది దాటేదాన్ని తూస్తుంది, వాసన చూస్తుంది, విలువ కడుతుంది. అయినా సాయంత్రం ఇంటివాడు నిలబడి నోటితో చెప్పాల్సిందే. తెలుసుకోవడం యంత్రం పని, ఒప్పుకోవడం మనిషి పని అని చట్టం చేసినవాళ్లు వివరించారు. యంత్రానికి తెలిసినదానికీ మనిషి చెప్పినదానికీ తేడా వస్తే దాని పేరు దాపు.

మంచి జరగలేదని కాదు. లంచాలు పోయాయి. వంతెనలు లేచాయి. పానకాలు తండ్రి చివరి రోజుల్లో ఉచితంగా వైద్యం అందుకున్నాడంటే ఆ పన్ను పుణ్యమే. పానకాలు ఆ సంగతి మరిచిపోలేదు. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో అల్లం ముక్క కూడా దాచలేదు.

పాల సంగతి వేరు.

నీలవేణి కాన్పు అయిన రోజే రక్తం పోయి ఆసుపత్రిలో కన్ను మూసింది. పిల్లవాడికి సర్కారు పాలపొడి కలిపి పడితే తాగినదంతా కక్కేవాడు. రెండు రకాలు మార్చారు. ఏడుపు సన్నబడి, పిల్లికూన అరుపులా మారిన రోజున దీనమ్మ వీధి దాటి వచ్చి గుమ్మం బయటే నిలబడి చేతులు చాపింది.

“ఇటియ్యి పెద్దమ్మా వాణ్ణి. ఎత్తుకుంటా కాసేపు.”

తన ఇంటికి తీసుకువెళ్లి, కాసేపటికి తెచ్చి ఇచ్చింది. వాడు ఏడవడం లేదు. దీనమ్మకు నాలుగు నెలల కూతురు ఉంది, రూతు. అంకమ్మ ఏమీ అడగలేదు, దీనమ్మ ఏమీ చెప్పలేదు. ఆ నాటి నుంచి అంకమ్మ రోజుకు ఇన్నిసార్లని లేకుండా పసివాడి మీద కొంగు కప్పి వీధి దాటేది. ఎవరైనా ఎదురైతే “పిల్లోణ్ణి తిప్పుకొస్తన్నా” అనేది. ఆ వీధిలో ఆడవాళ్లందరికీ తెలుసు. ఎవరూ పాలు అన్న మాట పలకరు. చంటిబిడ్డ తల్లి దగ్గర పాల ఊసు ఎత్తకూడదు. ఎన్ని ఉన్నాయి, ఎవరికి చాలుతున్నాయి అని లెక్క కడితే దిష్టి తగిలి ఇగిరిపోతాయి. దీనమ్మ వాళ్లు ఆదివారం చర్చికి పోతారు, అంకమ్మ పోలేరమ్మకు మొక్కుతుంది. ఈ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మతం.

“వెనక వీధిలో ఏమయిందో తెలవదా నీకు?” అంది అంకమ్మ కొడుకుతో, మొదటి రోజునే. “ఆడొక పిల్ల, ఏరుకాపురమున్న తోడికోడలు బిడ్డకిచ్చిందని చెప్పారు. గడపకన్ను రోజూ విలువ కట్టి గుమ్మంలో చదివింది. వాళ్లత్త ఇయ్యాల ఎంత, నిన్నెంత అని అడుగుతా కూచుంది. నెల తిరగలా. ఇద్దరు పిల్లకాయలకీ లేకుండా పోయినయ్.”

“అవి దిష్టికి పోలేదమ్మా. ఆ పిల్ల భయపడి ఉంటది.”

“ఏదో ఒకటిలే. పోయినయ్యా లేదా?”

పానకాలు ఇంటర్మీడియట్ దాకా చదివాడు. దిష్టిని నమ్మడు. అయితే నమ్మకపోవడం వేరు, పరాయి బిడ్డ తాగే పాలను పందెం కాయడం వేరు. పసివాడి పొట్టలో ఉన్నది గడపకన్నుకు కనబడదులే అనుకున్నాడు.

ఆ పొరపాటు తెలిసింది ఏసోబు వల్ల. శుక్రవారం అంకమ్మ గడపకు పసుపు రాసింది. ఆదివారం చర్చి నుంచి వస్తూ ఏసోబు ఆ గుమ్మం ముందు ఆగి, పలక మీద పసుపు పడిందనుకుని, తువ్వాలు తడిపి గడప తుడవడం మొదలుపెట్టాడు.

“ఏంది బావా, మా గడప కూడా నువ్వే తుడుస్తావా?” అన్నాడు పానకాలు. దీనమ్మ పానకాలును అన్నా అంటుంది కాబట్టి ఏసోబు, పానకాలు ఒకరికొకరు బావలు. ఆ వరస పట్టుకుని పడవ మీద రోజంతా ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు.

“మీయమ్మ దట్టంగా రాసిందయ్యా పసుపు. ఎంత తుడిచినా పోటంలా.” ఏసోబు మళ్లీ రుద్దాడు. రుద్ది, చేయి ఆపాడు. “బావా. ఇది పసుపు కాదు.”

పసుపు కింద పలక అంచున ఒక పసుపుపచ్చ గీత వెలుగుతోంది. అది ఎన్నాళ్లుగా వెలుగుతోందో వాళ్లకు తెలియదు. పానకాలు వంగి పలక మీద వేలు ఆనించాడు.

“తేడా,” అంది గడపకన్ను. “ఇంటి సభ్యుడు, శిశువు. వెళ్లినప్పటి బరువు కన్నా తిరిగి వచ్చినప్పటి బరువు ఎక్కువ. పలుమార్లు. మూలం చెప్పలేదు.”

ఏసోబు తువ్వాలు పిండాడు. “పిల్లోడి పొట్ట కూడా తూస్తదా ఇది? ముక్కుంది అనుకున్నాగానీ, దీనికి ఇంత పొట్టుందని తెలవదు.”



రెండు రోజులకు, గడపల లెక్కలు చూసే విలువరి వచ్చింది. ముప్పై ఏళ్లలోపు అమ్మాయి, పేరు సువర్చల. చంకలో తూనిక పలక, చేతిలో గొడుగు. లోపలికి రమ్మంటే రాలేదు, అరుగు మీద కూర్చుంది. అంకమ్మ మంచినీళ్లు తెచ్చింది.

“వద్దండీ. తాగితే సాయంత్రం నేనూ ఒప్పుకోవాలి,” అంది సువర్చల. చెప్పిన తీరులో మొహమాటం ఉంది. “చూడండి పానకాలుగారూ, ఆ బరువు ఏమిటో నాకు తెలుసు. పాలు. ఎవరివో కూడా ఊహించగలను. కానీ నా ఊహ చెల్లదు. మీరు నోటితో చెప్పాలి. ఇంకా మూడు రోజుల గడువుంది. చెబితే ఆలస్య రుసుముతో పోతుంది. పెద్ద మొత్తమేమీ కాదు.”

“చెప్పకపోతే?”

“గడపకట్టు. ఏడాది. పరుల చేతి నుంచి ఏదీ మీ గడప దాటకూడదు. మీకు కావలసింది సర్కారు పెట్టెలో వస్తుంది, పాలపొడితో సహా.”

“పాలపొడి వాడికి పడదు.”

“తెలుసు. అందుకే చెప్పమంటున్నాను.”

“చెప్తే, అది రోజూ విలువ చదువుద్దా?”

“రెండు గడపల్లోనూ చదువుతుంది. ఇచ్చినవాళ్ల దగ్గర, పుచ్చుకున్నవాళ్ల దగ్గర. అది ఆపే అధికారం నాకు లేదు.”

ఆమె గొడుగు విప్పుకుంటూ ఒక క్షణం ఆగింది. “మా అమ్మ కూడా ఇలాంటివి పట్టించుకుంటుంది. నేను నవ్వను. కానీ వాడి గురించి ఆలోచించండి.”

ఆ సాయంత్రం దీనమ్మ రూతును భుజాన వేసుకుని వచ్చి గుమ్మం బయట నిలబడింది. వెనక ఏసోబు తల వంచుకుని ఉన్నాడు.

“అన్నా, నువ్వు చెప్పమంటే చెప్తా. కాదనను,” అంది దీనమ్మ. “కానీ మొన్న పసుపు గీత చూసిన కాణ్ణించి నాకు గుండెల్లో దడ. ఇయ్యాల పొద్దున దీనికే చాల్లా. ఇంకా పైన చదవడం మొదలెడితే…” రూతు ఆమె జాకెట్టు అంచు పట్టుకుని లాగుతోంది.

పానకాలు ఆ చిన్న చేతిని చూశాడు. చెబితే తన బిడ్డకు ఉన్న ఒక్క ఆధారం ఎండిపోవచ్చు, దానితో పాటు ఈ బిడ్డదీ పోవచ్చు. చెప్పకపోతే తన ఒక్క ఇంటికే కట్టు. ఏడాది ఎలాగో ఈడ్చవచ్చు, పాలపొడి అలవాటవుతుందేమో, పిల్లలకు ఏదైనా అలవాటవుతుంది అనుకున్నాడు.

“నువ్వేం చెప్పొద్దు చెల్లే. నేనూ చెప్పను,” అన్నాడు.

గడువు దాటిన సాయంత్రం గీత ఎర్రబడింది.

గడపకట్టు పడిన ఇంటిని వీధి వెలివేయలేదు. అది చెప్పి తీరాలి. చేతులు వట్టివిగా పెట్టుకుని వచ్చి అరుగు కింద నిలబడి పలకరించి పోయేవాళ్లు. మూలింటి మౌలాలి తాత తన వార్తాపలకను రోజూ వీళ్ల గుమ్మం ఎదురుగా నిలబడి గట్టిగా చదివేవాడు. వినికిడికి విలువ కట్టడం ఇంకా చట్టంలో లేదు.

పిల్లవాడికి పాలపొడి అలవాటు కాలేదు. చెంచాతో పట్టారు, దూదితో పిండారు, జొన్న గంజి తేటలో కలిపారు. తాగినంత సేపు పట్టేది కాదు కక్కడానికి. రోజూ ఆసుపత్రికి తీసుకువెళ్లి తెచ్చినప్పుడల్లా గడపకన్ను బరువు చూసి ఊరుకునేది. ఒకనాడు పానకాలు ఉండబట్టలేక దాన్నే అడిగాడు.

“వీడి బరువు తగ్గుతా ఉందిగదా. నీకు తెలుస్తుందా?”

“తెలుస్తోంది,” అంది అది. “తగ్గుదల మీద పన్ను లేదు.”

ఆసుపత్రిలో నర్సు పిల్లవాడి అరికాలు గిల్లి చూసి, తల్లిపాలు దొరికితే తేరుకుంటాడంది. అక్కడ పాలనిధి ఉంది. తల్లులు ఇచ్చిన పాలను గాజుసీసాల్లో దాచి ఉంచుతారు. కట్టుపడిన ఇళ్లకు అది ఇవ్వరు. నర్సు ఆ మాట చెప్పలేక గోడమీద కాగితం చూపించింది.

ఉపాయం అంకమ్మకు తట్టింది.

“గడప లోపలికి వస్తేనే గదరా దానికి తెలిసేది? రాకపోతే?”

“రాకుండా యాడుంటాం?”

“అరుగు మీద. మా అమ్మమ్మ నన్ను అరుగు మీదే పెంచిందంట, ఇంట్లో ఉక్కపోస్తందని.”

ఆ రోజే అంకమ్మ పసివాణ్ణి తీసుకుని అరుగు మీదకు కాపురం మార్చింది. స్తంభానికీ కిటికీ ఊచకూ పాత చీర కట్టి చాటు చేసింది. దీనమ్మ తన పని చూసుకుని వచ్చి ఆ చాటున కూర్చునేది. పక్కన రూతు బొంత మీద బోర్లా పడి ఈదుతూ ఉండేది. గడపకన్ను లోపల తన పని తాను చేసుకుంటోంది. దానికి అరుగు కనబడదు. ఎవరి ఇంటి బియ్యం వాళ్లే వండుకున్నారు. ఎవరి చేతి నుంచీ ఏదీ గడప దాటలేదు.

“చదువుకున్నోళ్లు చేసిన కన్ను,” అంది అంకమ్మ, కోడలు పోయాక మొదటిసారి నవ్వుతూ. “దానికి అరుగనేది ఒకటుంటదని తెలవదు పాపం.”

“గట్టిగా అనబాక పెద్దమ్మా, వినబడుద్ది,” అంది దీనమ్మ.

“విననీ. నేనేం పుచ్చుకున్నా దాన్నించి?”

నాలుగైదు రోజులు అలా గడిచాయి. పిల్లవాడి బుగ్గలకు కొంచెం నునుపు వచ్చింది. ఆ తరువాత వాయుగుండం తీరం దాటింది.

చీరాలలో ఆ నెలల్లో గాలివాన కొత్త కాదు. కాని సముద్రం రైలు కట్ట దాకా వచ్చాక వానకు దిక్కు లేకుండా పోయింది, అన్ని వైపుల నుంచీ అడ్డంగా కొడుతుంది. చీర తెగి ఎగిరిపోయింది. ఆ గాలిలో వీధి దాటి ఎదురింటికి పోయే వీలూ లేదు. అంకమ్మ పిల్లవాణ్ణి పొట్టకు హత్తుకుని, గోనెపట్టా కప్పుకుని, తెల్లవారేదాకా కూర్చుంది. పానకాలు లోపలికి రమ్మంటే రాలేదు. ఇప్పుడే పాలు తాగి ఉన్నాడు, అరిగేదాకా ఆగమంది. తెల్లవారుతుండగా పసివాడి ఊపిరి గరగరమనడం విని పానకాలు ఇద్దరినీ లోపలికి లాక్కువచ్చాడు.

పలక ఎర్రగా రెండుసార్లు వెలిగింది. “కట్టు ఉల్లంఘన. ఇంకొకసారి ఇలాంటి తేడా కనబడితే ఈ వీధిలోని ప్రతి గడపనూ విచారించడం జరుగుతుంది.”

ఇరవై రెండు గడపలు. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పకుండా ఉండే ఉంటారు. పండక్కి పంచిన చలిమిడి ముద్దో, జ్వరం వచ్చినవాడికి పట్టుకెళ్లిన మిరియాల చారో. పానకాలు గుమ్మం తలుపు వేసి, అరుగు మీద బొంత మడతపెట్టి లోపల పెట్టాడు.

దగ్గుకు మందిచ్చారు. దగ్గు తగ్గింది. పాలపొడి మాత్రం నిలవడం లేదు. పిల్లవాడు ఏడవడం మానేశాడు. ఏడిస్తే బాగుండునని అంకమ్మ వాడి చెవి దగ్గర గిలక ఆడించేది. ఎదురింట్లో దీనమ్మ ఆ గిలక చప్పుడు వినలేక కిటికీ మూసుకునేది. మూసుకున్నా పాలు వచ్చి జాకెట్టు తడిసిపోయేది. ఆ సంగతి ఏసోబు పడవ మీద చెప్పాడు, నీళ్లలోకి చూస్తూ.

“దొడ్లో పారబోస్తంది బావా. పారబోస్తే ఎవరూ అడగరంట.”

సువర్చల రెండోసారి వచ్చినప్పుడు తూనిక పలక తేలేదు. పని వేళ అయిపోయింది, తాను వచ్చినట్టు ఎక్కడా రాయనని చెప్పింది. ఆ సాయంత్రం అరుగు మీద అందరూ ఉన్నారు. పానకాలు, అంకమ్మ, దీనమ్మ, ఏసోబు. పసివాడు అంకమ్మ ఒళ్లో కళ్లు తెరిచి పైకప్పు చూస్తున్నాడు.

“ఒక దారి ఉంది,” అంది సువర్చల. “గడప మార్పు అంటారు. కట్టుపడిన ఇంటి నుంచి ఒక మనిషి వేరే ఇంటి సభ్యుడిగా మారవచ్చు. ఆ ఇంటివాళ్లు మా ఇంటి మనిషే అని ఒప్పుదల చెప్పాలి. అప్పుడు ఆ ఇంటి పాలు ఆ ఇంటి బిడ్డ తాగినట్టు. మధ్యలో గడపే ఉండదు. ఎవరూ ఏదీ చదవరు.”

దీనమ్మ చటుక్కున తల ఎత్తింది. “మా ఇంటికి మార్చుకుంటే సరిపోద్దా? ఇదేందమ్మా, ముందే చెప్పకూడదా?”

“ముందే చెప్పాల్సింది కాదనుకున్నాను.” సువర్చల గొడుగు పిడిని చూస్తూ మాట్లాడింది. “ఇంటిపేరు మారుతుంది. తండ్రి, తల్లి అన్నచోట మీ పేర్లు వస్తాయి.”

“ఏడాది అయ్యాక?” అన్నాడు పానకాలు. “కట్టు తీసేశాక మళ్లీ మార్చుకుంటా.”

సువర్చల గొడుగు పక్కన పెట్టింది.

“మళ్లీ మీ గడప దాటితే అది మీకు రాబడి అవుతుంది పానకాలుగారూ. దాపు చేసిన ఇంటికి మనిషిని రాబడిగా ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. వెనకట కొందరు పన్ను తప్పించుకోడానికి పనిపిల్లలను ఇళ్ల మధ్య తిప్పారు. అందుకోసం రాసిన వాక్యం అది. ఇలాంటిది వస్తుందని ఎవరూ అనుకోలేదు.”

వీధిలో మౌలాలి తాత వార్తలు చదవడం ఆపి, తన పలక మూసుకుని నెమ్మదిగా ఇంటివైపు నడిచాడు.

“అంటే ఇక రాడు,” అంది అంకమ్మ.

“ఇక్కడికి రావచ్చు. చూడొచ్చు, ఎత్తుకోవచ్చు. ముట్టుకోడానికి విలువ లేదు. ఈ ఇంటివాడుగా మాత్రం రాడు.”

అంకమ్మ కొడుకువైపు తిరిగింది. “వొంశంలో ఒక్కడురా. కోడలు ప్రాణం పెట్టి కన్నది. పేరు కూడా పెట్టలా ఇంకా. ఊరందరి ముందూ మనోడు కాదని రాసిస్తావా? ఆళ్లు మంచోళ్లే, నేను కాదనను. రేపు వాడు పెరిగి నిన్నేమని పిలుస్తాడు? ఈ పిల్ల నిన్ను అన్నా అంటది. వాడు నిన్ను మావా అంటాడు.”

“అననీలే అమ్మా,” అన్నాడు పానకాలు. “ఆ మాట అనేదాకా బతికితే చాలు.”

ఏసోబు గొంతు సవరించుకున్నాడు. పడవ మీద ఎప్పుడూ ఏదో ఒకటి వాగే మనిషి, మాట కోసం వెతుక్కున్నాడు. “బావా, నా దగ్గర పెరిగినా వాడు నీవోడే” అనబోయి, అది చట్టం ముందు చెల్లే మాట కాదని గుర్తొచ్చి ఊరుకున్నాడు. చివరికి, “నీకు పడవ నడపటం రాదు, వాడికైనా నేను సరిగ్గా నేర్పుతాలే,” అన్నాడు. పానకాలు తల ఊపాడు. అది పెద్ద మాటే.

గడప మార్పు మరునాడు సాయంత్రం జరిగింది. చెయ్యాల్సింది పెద్దగా ఏమీ లేదు. అంకమ్మ పిల్లవాడికి నలుగు పెట్టి స్నానం చేయించింది. వాడి ఒంటి మీద నలుగు పిండికి ఆనేంత కండ లేదు. దిష్టి చుక్క బుగ్గన పెట్టబోయి, దీనమ్మ పెడుతుందిలే అని కాటుక భరిణె కూడా మూటలో పెట్టింది. పానకాలు వాణ్ణి రెండు చేతుల్లో పట్టుకుని తన గడప దాటాడు. వీధిలో ఇళ్ల గుమ్మాల్లో జనం నిలబడ్డారు. ఎవరూ దగ్గరికి రాలేదు. మర్యాద కోసం చూపులు పక్కకు తిప్పుకున్నారు.

దీనమ్మ గడప ముందు సువర్చల నిలబడి ఉంది. ఏసోబు ఇంటివాడుగా గుమ్మంలో నిలబడ్డాడు. పానకాలు చేతుల్లో నుంచి దీనమ్మ బిడ్డను అందుకుని లోపలికి అడుగుపెట్టింది.

“వచ్చినది?” అంది గడపకన్ను.

“మా బిడ్డ,” అన్నాడు ఏసోబు. మళ్లీ చెప్పాడు. “మా బిడ్డ. మగబిడ్డ.”

“పేరు?”

ఏసోబు పానకాలువైపు చూశాడు. “చెప్పు బావా. నువ్వే పెట్టు.”

నీలవేణి ఉండగా ఇద్దరూ రాత్రిళ్లు పేర్లు అనుకునేవాళ్లు. ఒకటి ఖాయం చేసుకున్నారు కూడా. పానకాలు ఆ పేరును నోటి దాకా తెచ్చుకున్నాడు. వాడు రేపు ఈ ఇంటి పిల్లల్లో పెరగాలి. ఆదివారం చర్చిలో వరసగా కూర్చోవాలి. బడిలో ఎవడూ నీ పేరేంటి ఇట్టా ఉందని అడగకూడదు.

“మీ పిల్లోడు. మీ ఇంట్లో పిలిచే పేరే పెట్టు బావా,” అన్నాడు.

“దానియేలు,” అన్నాడు ఏసోబు. అది అతని తండ్రి పేరు.

“పూర్వపు ఇంటితో ఇకమీదట సంబంధం?”

దీనమ్మే చెప్పింది, బిడ్డను గుండెకు ఆనించుకుని, పానకాలు ముఖం చూడకుండా. “మేనమామ ఇల్లు.”

“విలువ?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది విలువరి. సువర్చల పలక మీద వేలు పెట్టి ఒక అంకె వేసింది. పానకాలుకు కనబడింది. సున్నా. ఇంకే అంకె వేసినా ఏసోబు పద్దులో పన్ను పడుతుంది. ఆ అమ్మాయి చేయగలిగిన మేలు అదొక్కటే, చేసింది. చేసి, కళ్లు తుడుచుకోకుండా పలకను చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చి పానకాలు ఒప్పుదలకు నిలబడ్డాడు. ఏదీ రాలేదని చెప్పాడు. గడపకన్ను దానికి తెలిసినదాంతో సరిచూసుకుంది. తేడా లేదు. “మీ నిజాయితీకి ధన్యవాదాలు,” అంది.

అంకమ్మ అన్నం తినలేదు. పెట్టెలో వచ్చిన పాలపొడి డబ్బాలను ఒక్కొక్కటే గోడవారగా పేర్చి, వాటికి ఎదురుగా చాప వేసుకుని ముడుచుకుంది. పానకాలు తల్లి మీద దుప్పటి కప్పాడు. ఆమె ఆ చేయి పట్టుకుని కాసేపు వదల్లేదు. తరువాత వదిలింది.

వీధి సద్దుమణుగుతోంది. నాచుపొలాల మీద నుంచి ఉప్పుగాలి వస్తోంది. ఎదురింటి కిటికీలో దీపం ఉంది. లోపల పసివాడు ఏడుపు అందుకున్నాడు. ఎన్నాళ్లకో విన్న ఏడుపు, గట్టిది, ఆకలిది. పానకాలు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. దీనమ్మ ఏదో అంటోంది, మాటలు తెలియడం లేదు. ఏడుపు మధ్యలో తెగి, గుటకలు పడే చప్పుడుగా మారి ఉంటుంది. అంత దూరానికి అది వినబడదు. వినబడినట్టే ఉంది అతనికి.

కిటికీలో దీపం తగ్గింది. వాడు నిద్రపోయి ఉంటాడు. తమ ఇంటి తలుపు బందులు కిర్రుమంటాయని పానకాలుకు తెలుసు. అతను తలుపును చేత్తో కొంచెం పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, గడియ మెల్లగా వేశాడు.